పాత డేటా హార్డ్ డిస్క్‌ని కొత్త కంప్యూటర్‌లో పెట్టుకున్న నా అనుభవం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. నా పాత సిస్టమ్‌లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ3, విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఎనిమిదో తరమో ఆ పైనో ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, కాబట్టి దాని సంగతి అక్కడితో సరి. తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి ముందు గదిలోనే డీటీపీ చేసుకుంటాను, పెళ్లిపత్రికలు, గుడి కరపత్రాలు, జాతర బ్యానర్లు. రోజుకి ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారో లెక్కుండదు, అలాంటి మెషీన్‌ని సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా నడపడం నాకు ఇష్టం లేదు. కొత్తది తీసుకున్నాను. పాతదాంట్లో ఉన్న 1 టీబీ డేటా హార్డ్ డిస్క్‌ని మాత్రం వదలదలుచుకోలేదు, దాన్ని కొత్తదాంట్లోకి ఎలా తెచ్చుకున్నానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పని గురించి ఎవరిని అడిగినా ఏదో ఒక తొందరపాటు సలహా ఇచ్చారు, ఆ సలహాలు విని ఉంటే నా దగ్గర ఈరోజు ఏమీ మిగిలేది కాదు.

ఆ డిస్క్‌లో ఏముందో చెబితే అర్థమవుతుంది. డీ డ్రైవ్‌లో ఏళ్ల తరబడి చేసిన పేజ్‌మేకర్, కోరల్ (డిజైన్ సాఫ్ట్‌వేర్లు) ఫైళ్లు, ఒక ఇంట్లో అక్క పెళ్లి పత్రిక చేశాక చెల్లెలి పెళ్లికి కూడా నా దగ్గరికే వస్తారు, "మళ్లీ అదే డిజైన్ కావాలన్నా" అంటారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో తీసిన బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం ఫోటోలు సంవత్సరాల వారీగా ఉన్నాయి. ఈ (E) డ్రైవ్‌లో ఇంటి సంగతులు. మా నాయన హార్మోనియం పెట్టుకుని పాడిన భజన పాటలు క్యాసెట్ల నుంచి ఎక్కించి పెట్టాను, ఆ క్యాసెట్లు తర్వాత బూజు పట్టి పోయాయి, నాయన కూడా లేడు. అంటే ఆ పాటలు ఈ లోకంలో ఉన్నది ఆ డిస్క్ మీదే.

లీలామహల్ వైపు ఒక షాపులో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించాను. పాత డిస్క్ సంగతి చెప్పగానే అక్కడి కుర్రాడు "ఇచ్చేసి పోండి సామీ, ఫార్మాట్ కొట్టి పెట్టేస్తాం, ఫ్రెష్‌గా ఉంటాది" అన్నాడు. డేటా ఉందయ్యా అంటే "రికవరీ సాఫ్ట్‌వేర్ ఉండాది కదా" అన్నాడు. డిస్క్ ఇవ్వలేదు. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (మదర్‌బోర్డ్‌లోకే గుచ్చే వేగమైన చిప్ డిస్క్) ఒక్కటే పెట్టి దాంట్లోనే విండోస్ ఎక్కించి ఇవ్వమన్నాను, పక్క తలుపు నేను విప్పితే వారంటీకి ఇబ్బంది లేదని బిల్లు మీద రాయించుకున్నాను. విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కనెక్ట్ అయి ఉండకూడదని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది: రెండు డిస్కులు ఉన్నప్పుడు ఇన్‌స్టాలర్ ఒక్కోసారి విండోస్‌ని కొత్త ఎస్‌ఎస్‌డీలో పెట్టి, బూట్ అయ్యే ఫైళ్లని మాత్రం పాత డిస్క్ మీద పెడుతుంది. అంతా బాగానే నడుస్తుంది, రేపు ఆ పాత డిస్క్ పోయినా, తీసేసినా కొత్త కంప్యూటర్ ఆన్ అవదు. అదీగాక డిస్కుల లిస్టులో డిలీట్, ఫార్మాట్ బటన్లు నొక్కేటప్పుడు ఏది ఏదో తేడా తెలియక పొరపాటు జరిగేది అక్కడే. డిస్క్ అక్కడ లేకపోతే ఆ భయమే ఉండదు.

కొత్తది ఇంటికొచ్చినా పాతదాన్ని వెంటనే విప్పలేదు. డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో పాత కంప్యూటర్‌లోనే చూసుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, డిస్క్ తన గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కలన్నీ అది చూపిస్తుంది. పైన నీలం రంగులో గుడ్ అని వస్తే చాలనుకోకుండా కింద వరసలు చూడాలి. 05 అన్నది పాడైన సెక్టార్లకు (డేటా రాసే చిన్న చిన్న గళ్లకు) బదులు డిస్క్ వేరే చోట కేటాయించినవి, సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, సీ6 అంటే ఇక కుదరదని వదిలేసినవి. ఈ మూడూ సున్నా ఉంటే కొంత ధైర్యంగా ఉండొచ్చు. ఆ అంకెలు మామూలుగా హెక్సా లెక్కలో కనిపిస్తాయి, 1ఏ లాంటివి చూసి బెదరక్కర్లేదు, మెనూలో మామూలు అంకెల్లోకి మార్చుకోవచ్చు. నా డిస్క్‌లో ఆ మూడూ సున్నా. సీ7 దగ్గర మాత్రం పెద్ద అంకె ఉంది. దాన్ని చూసి మా మేనల్లుడు "మామా, డిస్క్ పోయినట్టుందే" అని భయపడ్డాడు (చంద్రగిరి దగ్గర ఇంజినీరింగ్ చదువుతూ మా ఇంట్లోనే ఉంటాడు). సీ7 డిస్క్ లోపలి రోగం కాదు, డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క, చాలావరకు కేబుల్ వదులైతే వచ్చేది. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగుతుంది. నేను ఆ అంకె కాగితం మీద రాసి పెట్టుకున్నాను, కొత్తదాంట్లో పెట్టాక పోల్చుకోవడానికి.

ఇంకో మాట, ఆ మూడింట్లో అంకెలు కనిపిస్తే చెక్‌డిస్క్ లాంటివి మొదలుపెట్టకండి. నీరసంగా ఉన్న డిస్క్‌ని మూల మూలా చదివించడం అది. ముందు ముఖ్యమైనవి కాపీ చేసుకోండి, మిగతావన్నీ తర్వాత.

డిస్క్ బాగుంది అని తెలిసినా కాపీ తీయకుండా స్క్రూ విప్పలేదు. పోర్టబుల్ డిస్క్ ఒకటి కొన్నాను. 2025 చివర్లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ధరలు బాగా పెరిగాయి, పాత హార్డ్ డిస్క్‌నే మళ్లీ వాడుకోవాలనుకోవడానికి అదీ ఒక కారణం, కానీ కాపీకి పెట్టే డబ్బు దగ్గర మాత్రం వెనకాడలేదు. పాత సిస్టమ్ ముందువైపు యూఎస్‌బీ పోర్ట్‌లో పెడితే సెకనుకి 30 ఎంబీ కూడా సరిగా రాలేదు, అది యూఎస్‌బీ 2. వెనక నీలం రంగు పోర్ట్‌లోకి (యూఎస్‌బీ 3) మారిస్తే పెద్ద వీడియో ఫైళ్లకి 100 దాకా వెళ్లింది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉండే ఫోల్డర్ల దగ్గర మళ్లీ నత్తనడకే, దానికి ఏ పోర్ట్ అయినా ఒకటే. మామూలు కాపీ పేస్ట్ బదులు విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ వాడాను, మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అదే కమాండ్ ఇస్తే అయిపోయిన ఫైళ్లని వదిలేసి మిగిలినవి అందుకుంటుంది. అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ సైజు, ఫైళ్ల సంఖ్య పోల్చాను, నాయన పాటలు నాలుగైదు పెట్టి విన్నాను.

విప్పే ముందు చూసుకోవాల్సింది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం. పాత సిస్టమ్‌లో డేటా డ్రైవ్ దానంతటదే తెరుచుకుంటూ ఉంటే దానికి తాళం ఉందన్న సంగతే మర్చిపోతాం, కొత్త కంప్యూటర్‌లో పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ పేజీ చూస్తే ఆన్‌లో ఉందో లేదో తెలిసిపోతుంది, ఉంటే అక్కడే ఆఫ్ చేసి పూర్తయ్యేదాకా ఆగాలి, లేదా కీ ప్రింట్ తీసుకోవాలి. నాది ఆఫ్‌లోనే ఉంది. తర్వాత షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టాను. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్ర లాంటిది, డ్రైవ్ ఇంకా వాడుకలో ఉన్నట్టే గుర్తు మిగిలిపోతుంది, ఆ స్థితిలో తీసి వేరే సిస్టమ్‌లో పెట్టడం మంచిది కాదు.

బిగించడం అసలు కష్టం కాదు. కరెంటు ప్లగ్ పీకేసి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి కేబినెట్ ఇనుము ఒకసారి తాకి, నాలుగు స్క్రూలు విప్పితే డిస్క్ చేతికొచ్చింది. ఆ స్క్రూలు దాచుకోండి, పెద్ద హార్డ్ డిస్క్‌కి లావు మరలు ఉంటాయి, ఎస్‌ఎస్‌డీకి వాడే సన్న మరల స్క్రూలు దీనికి సరిపోవు. ఇప్పటి కేబినెట్లలో అద్దాలూ లైట్లే ఎక్కువ, పెద్ద డిస్క్ పెట్టే చోటు కింద పవర్ సప్లై పక్కన మూలన ఒకటో రెండో ఉంటాయి, కొనేటప్పుడే అడగాలి. డేటా కేబుల్ మదర్‌బోర్డ్ డబ్బాలో వచ్చిన కొత్తదే, క్లిప్ ఉన్నది, వాడాను. పవర్ కేబుల్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పవర్ సప్లై నుంచి ఊడదీయగలిగే కేబుళ్లు ఉండే రకమైతే, పాత సప్లై కేబుల్ కొత్తదానికి గుచ్చకూడదు. డిస్క్ వైపు కొన అన్నిటికీ ఒకేలా ఉంటుంది, సప్లై వైపు కొన కూడా చాలాసార్లు చక్కగా పట్టేస్తుంది, కానీ లోపల 12 వోల్టుల తీగ, 5 వోల్టుల తీగ ఏ పిన్‌లోకి వెళ్తాయో కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఒకే కంపెనీలో మోడల్‌కీ మోడల్‌కీ కూడా మారొచ్చు. స్విచ్ వేసిన క్షణంలోనే డిస్క్ కాలిపోవచ్చు. ఇంత చిన్న విషయానికి డేటా మొత్తం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఆన్ చేశాం. విండోస్ వచ్చింది, డిస్క్ రాలేదు. రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) వెళ్తే అక్కడా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. నాకు కాస్త టెన్షన్ వచ్చిన మాట నిజం, ఇంకో చోట కాపీ ఉంది కాబట్టి చేతులు వణకలేదు. మేనల్లుడు డిస్క్ మీద అరచెయ్యి ఆనించి "తిరుగుతా ఉంది మామా, సన్నగా అదురుతా ఉంది" అన్నాడు. తిరుగుతోందంటే కరెంటు అందుతోంది, టక్ టక్ చప్పుడు కూడా లేదు కాబట్టి లోపల దెబ్బ తగిలి ఉండకపోవచ్చు, డేటా దారి దగ్గరే ఏదో ఉండాలి. ఆపేసి కేబుల్ తీసి మళ్లీ గుచ్చాం, లాభం లేదు. అప్పుడు మదర్‌బోర్డ్ మాన్యువల్ తెరిచాను. స్టోరేజ్ పేజీలో చిన్న అక్షరాలతో రాసి ఉంది, ఫలానా ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఫలానా సాటా పోర్ట్ (హార్డ్ డిస్క్ డేటా కేబుల్ గుచ్చేది) పనిచేయదని. ఆ రెండిటికీ బోర్డ్‌లో దారి ఒకటే. షాపువాళ్లు ఎస్‌ఎస్‌డీ పెట్టింది ఆ స్లాట్‌లోనే, మేం కేబుల్ గుచ్చింది ఆ పోర్ట్‌లోనే. పక్క పోర్ట్‌లోకి మార్చగానే బయోస్‌లో డిస్క్ పేరు, సైజుతో సహా వచ్చింది. ఇదే షాపులో జరిగి ఉంటే "డిస్క్ డెడ్ సామీ, కొత్తది తీసుకోండి" అనే మాట రావడానికి ఎంతో సేపు పట్టేది కాదు.

బయోస్‌లో ఉన్నప్పుడే బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్, అంటే కొత్త ఎస్‌ఎస్‌డీ, మొదట ఉందో లేదో చూసుకున్నాను. పాత డిస్క్‌లో పాత విండోస్ కూడా ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఉంటుంది. ఈ కిటికీ తెరిచినప్పుడు మీకు "డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయాలి" అని ఒక బాక్స్ వస్తే, క్యాన్సిల్ తప్ప ఇంకేమీ నొక్కకండి. డ్రైవ్ తెరిస్తే "వాడుకునే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడిగినా అంతే. ఆ మాటలకి అర్థం డిస్క్ ఖాళీ అని కాదు, అందులో రాసింది విండోస్‌కి చదవడం రాలేదని మాత్రమే. కేబుల్ వదులై ఉండొచ్చు, ఇంతకుముందు ఆ డిస్క్ ఏదైనా పాత యూఎస్‌బీ పెట్టెలో ఉండి ఆ పెట్టె సెక్టార్లని వేరే లెక్కలో చూపించి ఉండొచ్చు, నిజంగానే డిస్క్ పాడై ఉండొచ్చు. ఏదైనా సరే, అవును అని నొక్కితే ఉన్న రాత మీద కొత్త రాత పడుతుంది. ఫారిన్ అని వస్తే అది పాత సిస్టమ్‌లో డైనమిక్ డిస్క్ అనే వేరే పద్ధతిలో చేసినది, రైట్ క్లిక్‌లో ఇంపోర్ట్ ఉంటుంది. ఆఫ్‌లైన్ అని వస్తే ఆన్‌లైన్ చేస్తే చాలు. ఎంబీఆర్ డిస్క్ (పార్టిషన్ల లెక్క పాత పద్ధతిలో రాసినది) కొత్త యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) సిస్టమ్‌లో పనిచేయదు, కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చాలి అని ఒక తెలిసినాయన గట్టిగా చెప్పాడు. ఆ నియమం విండోస్ బూట్ అయ్యే డిస్క్‌కే. డేటా డిస్క్ 2 టీబీ లోపు ఉంటే ఎంబీఆర్‌గానే హాయిగా నడుస్తుంది, నాది అలాగే నడుస్తోంది.

నా డిస్క్ ఏ గొడవా లేకుండా రెండు పార్టిషన్లతో వచ్చింది, కానీ అక్షరాలు మారాయి. షాపులో ఎస్‌ఎస్‌డీని సీ, డీ అని రెండు ముక్కలు చేశారు, అందుకని నా పాత డీ కాస్తా ఈ అయింది, పాత ఈ కాస్తా ఎఫ్ అయింది. మామూలు వాడుకలో ఇది పట్టించుకోనక్కర్లేదు, డీటీపీలో మాత్రం కొంప మునుగుతుంది. పేజ్‌మేకర్‌లో పెద్ద ఫోటో పెట్టినప్పుడు దాన్ని ఫైల్‌లోనే కలిపేయాలా అని అడుగుతుంది, ఫైల్ బరువు పెరగకూడదని మేం కాదనే అంటాం, అప్పుడు అది ఫోటో ఉన్న దారిని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది, డీ డ్రైవ్, ఫలానా ఫోల్డర్ అని. అక్షరం మారితే ప్రతి పత్రికా తెరవగానే వినాయకుడు ఎక్కడ, కలశం ఎక్కడ అని అడుగుతూ కూర్చుంటుంది. అందుకని ముందు ఎస్‌ఎస్‌డీ రెండో ముక్కకి ఎస్ అక్షరం ఇచ్చాను, దాంతో డీ ఖాళీ అయింది, తర్వాత ఈని డీగా, ఎఫ్‌ని ఈగా మార్చాను. వరస ఇదే ఉండాలి, లేకపోతే కావలసిన అక్షరం లిస్టులోనే కనపడదు. కొన్ని ప్రోగ్రాములు పనిచేయకపోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది, కొత్త సిస్టమ్‌లో ఇంకా ఏమీ ఎక్కించలేదు కాబట్టి ఇబ్బంది లేదు. సాఫ్ట్‌వేర్లు ఎక్కించాక కన్నా ముందే ఈ పని ముగించడం మేలు.

తర్వాత పర్మిషన్ల తలనొప్పి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని ఎప్పుడో డీ డ్రైవ్‌లోకి మార్చుకుని ఉన్నాను, దాన్ని తెరవబోతే మీకు అనుమతి లేదు అంది. నా డిస్క్, నా ఫోల్డర్, కొత్తదాంట్లో యూజర్ పేరు కూడా పాతదే పెట్టాను, అయినా ఒప్పుకోదు. కారణం ఏంటంటే విండోస్ మనిషిని పేరుతో గుర్తుపట్టదు, ఒక్కో అకౌంట్‌కి ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి నంబర్ ఇచ్చుకుని దాంతో గుర్తుపడుతుంది, కొత్త ఇన్‌స్టలేషన్‌లో అదే పేరుకి కొత్త నంబర్ వస్తుంది. అడ్మిన్ అకౌంట్‌లో ఉంటే అదే బాక్స్‌లో కంటిన్యూ నొక్కితే మన కొత్త నంబర్‌ని ఆ ఫోల్డర్‌కి చేరుస్తుంది. ఫైళ్లు ఎక్కువుంటే పైన ఆకుపచ్చ గీత నెమ్మదిగా పాకుతూ ఉంటుంది, ఆగిపోయిందనుకుని మధ్యలో మూసేయొద్దు. కొన్ని మొండి ఫోల్డర్లకి ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్లి ఓనర్‌ని మార్చాల్సి వచ్చింది. పేర్లు ఆకుపచ్చ రంగులో కనిపించే ఫైళ్లు, లేదా బొమ్మ మీద చిన్న తాళం ఉన్న ఫైళ్లు ఉంటే మాత్రం ఇవేవీ పనిచేయవు, అవి ఎన్‌క్రిప్ట్ చేసినవి, పాత కంప్యూటర్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కాబట్టి పాత సిస్టమ్‌ని వెంటనే అమ్మేయకండి.

ఏ ఫైలూ తెరవకముందే విండోస్‌లోనే ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌తో డీ, ఈ (E) డ్రైవ్‌లు రెండూ స్కాన్ చేయించాను. డీటీపీ చేసే ప్రతి ఒక్కరికీ షార్ట్‌కట్ వైరస్ పరిచయమే, పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ దాచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టేది. పాత డిస్క్ మూలల్లో, ఎప్పుడో కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల నుంచి కాపీ చేసిన ఫోల్డర్లలో అవి ఇంకా ఉన్నాయి. చాలాసేపు పట్టింది, కానీ శుభ్రమైంది.

పాత ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే అది డిస్క్ తప్పు కాదని మేనల్లుడికి చెప్పాల్సి వచ్చింది. అవి అను ఫాంట్లలో చేసినవి, యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌లో వాడే తెలుగు) కాదు, ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు పెట్టి తయారుచేసిన ఫాంట్లు. కొత్త సిస్టమ్‌లో ఫాంట్ లేకపోతే అక్షరాలు అలాగే కనిపిస్తాయి, ఫాంట్ ఎక్కించగానే "చి.ల.సౌ." చక్కగా ప్రత్యక్షమవుతుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాన్ని విండోస్ 11లో ఎక్కించడం వేరే పెద్ద కథ, దాని గురించి విడిగా రాస్తాను.

ఇప్పుడు నడుస్తున్న పనంతా ఎస్‌ఎస్‌డీ మీద, పూర్తయిన పని, పాత సరుకు హార్డ్ డిస్క్ మీద. కాసేపు వాడకపోతే హార్డ్ డిస్క్ తిరగడం ఆగుతుంది, మళ్లీ తెరిచినప్పుడు కొన్ని క్షణాలు ఆలస్యమై అప్పుడు ఫోల్డర్ వస్తుంది, అది మామూలే. శనివారం సాయంత్రం పోర్టబుల్ డిస్క్ తగిలించి రోబోకాపీ నడిపి, ఊడదీసి బీరువాలో పెడుతున్నాను, ఎప్పుడూ తగిలించే ఉంచితే పిడుగుకీ వైరస్‌కీ రెండూ కలిసే పోతాయి. నాయన పాటలు గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీలోనే సరిపోయాయి, చిత్తూరులో ఉన్న అక్కకి కూడా ఆ ఫోల్డర్ షేర్ చేశాను. సీ7 అంకె కాగితం మీద రాసుకున్న దగ్గరే ఉంది, కదల్లేదు. 05, సీ5లలో ఏది సున్నా దాటినా ఆ డిస్క్‌కి సెలవిచ్చి కొత్తది కొంటాను.

పాత కేబినెట్‌ని, దాంట్లోని చిన్న ఎస్‌ఎస్‌డీతో సహా, మేనల్లుడు తీసుకుని లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాడు. నాలుగో తరం ఐ3 మీద అది చక్కగా నడుస్తోంది.